ఐదో పేజీ

"దేవుని దగ్గరికే పోతున్నవు కదా బిడ్డా, గిన్ని లెక్కలెందుకు? ఆయనే సూసుకుంటడు."

మా అమ్మ ఆ మాట అన్నప్పుడు నేను జనగామలో మా ఇంటి వసారాలో కూర్చుని పానాలను గుడ్డలో చుట్టిపెడుతున్నాను. ముందర రెండు ట్యూబులు, చేతిపంపు, చైన్ లింకులు, క్లచ్ వైరు, ఒక నోటు పుస్తకం. మార్గశిరంలో వాగులు తగ్గాక బండి మీద కాశీకి బయలుదేరాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. హైవే పట్టుకుని కాదు, వీలైనంత మేర మట్టిబాటల్లో. పాలకుర్తి, తొర్రూరు, మహబూబాబాద్, గూడూరు, కొత్తగూడ. అక్కడి నుంచి ములుగు మీదుగా భూపాలపల్లి, కాళేశ్వరం. గోదావరి వంతెన దాటితే సిరోంచ, మహారాష్ట్ర. ఆపైన ఉత్తరానికి ఇంకా వందల కిలోమీటర్లు.

అమ్మకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నమ్మినవాడికి ఇంత జాగ్రత్త దేనికి? జాగ్రత్త పడ్డానంటే నమ్మకం తక్కువైనట్టేనా?

ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు చెప్తాడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, ఐదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమని శంకరుల వ్యాఖ్యానం. నా నోటు పుస్తకంలో ఒక్కో కారణానికి ఒక్కో పేజీ కేటాయించాను. మొదటి పేజీలో నా నడుము, మోకాళ్లు, నిద్ర. గతుకుల బాటలో రోజుకు నూటయాభై కిలోమీటర్లు మించితే నా ఒంటికి పడదు. మూడో పేజీలో పనిముట్లు. నాలుగో పేజీలో మజిలీలు, పెట్రోలు, నీళ్లు. రెండో పేజీ దగ్గరే చాలా రోజులు ఆగిపోయాను. పోయేది ఎవరు, ఎందుకు? చివరికి ఒక్క వాక్యం రాశాను: నాకు ఎవరినైనా సాయం అడగడం రాదు, మట్టిబాట మీద అడగకుండా పోలేం. ఐదో పేజీ పైన 'దైవం' అని రాసి ఖాళీగా వదిలేశాను.

మన భాషలో కాశీ దారిని రోజువారీగా రాసిపెట్టినవాడు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పల్లకి, గుడారాలు, వెంట పెద్ద పరివారం. దారి పొడుగునా ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయో, ఎక్కడ అంగళ్లున్నాయో, దారి ఎట్లా ఉందో రాస్తూ పోయాడు. ఆయన భక్తుడే. బావి నీళ్ల సంగతి రాస్తే భక్తికి తక్కువవుతుందని అనుకోలేదు. తన వెనక వచ్చేవాడు దప్పికతో పడిపోకూడదని రాశాడు. 'కాశీయాత్ర చరిత్ర' చదివినప్పుడల్లా నాకు ఆ ముందుచూపు కూడా పూజలో భాగమే అనిపిస్తుంది.

పోయిన మాఘంలో సాధన కోసం ఒకసారి మహబూబాబాద్ దాకా, ఆపైన అడవిలోకి వెళ్లాను. పాలకుర్తి దాటి బమ్మెరలో ఆగాను. పోతన ఊరు. మా అమ్మ నమ్మకం ఈ మట్టిలో మొలిచిందే. ఆయన గజేంద్రమోక్షంలో ఏనుగు పిలిచింది, హరి ఉన్నవాడు ఉన్నట్టే పరుగెత్తుకొచ్చాడు. కానీ ఆ పిలుపుకు ముందు ఏనుగు వెయ్యేళ్లు మొసలితో పెనుగులాడింది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు సత్తువనే నమ్ముకుంది. అది పూర్తిగా ఉడిగాకే పిలిచింది. తొండం కూడా కదపకుండా పిలిచి ఉంటే అది శరణాగతి అయ్యేదా?

ఆ మాట అక్కడ అనుకున్నానే గాని పాటించలేదు. ముందురోజే క్లచ్ లీవరు బిగుతుగా తగిలింది. వైరు మార్చాలని తెలుసు. దగ్గరే కదా, దేవుడున్నాడనుకుని కొత్త వైరును ఇంట్లోనే వదిలి వచ్చాను. కొత్తగూడ దాటి గంగారం వైపు పోతుంటే, పొద్దుగూకే వేళ, ఒక వాగు ఇసుకలో వెనుక చక్రం కూరుకుపోయింది. క్లచ్ పట్టి వదులుతూ రెండుమూడు సార్లు లాగాను. లీవరు ఒక్కసారిగా వదులైపోయింది. చూస్తే సీసం గుండు మాత్రం లీవరులో మిగిలింది. తీగ పోగులు పోగులుగా విడిపోయి గొట్టంలోకి జారిపోయింది.

కట్టెల మోపులతో వస్తున్న ఒక కోయ పెద్దాయన, ఆయన కొడుకు మోపులు దించి, బండిని వాగులోంచి లేపారు. గూడెం దాకా నాతో పాటు తోశారు. ఉన్న ఒక్క నులక మంచం నాకు వేసి, పెద్దాయన అరుగు మీద పడుకున్నాడు. తెల్లవారి ఆ పిల్లవాడు కూలికి పోకుండా కొత్తగూడ వెళ్లి వైరు తెచ్చాడు. వైరు ధర తప్ప ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. బయలుదేరేటప్పుడు పెద్దాయన అన్నాడు: "సారూ, అడవిల ఒక్కలే తిరుగుతున్నరు. తీగ ఒకటి ఎంట ఉంచుకోవాలె."

వాళ్లు ఆ వేళకు అటు రావడం దైవమే. అందులో నాకు అనుమానం లేదు. కానీ వాళ్ల చేత బండి తోయించింది దైవం కాదు, నా నిర్లక్ష్యం. దేవుడి మీద వేశాననుకున్న భారం ఆ పిల్లవాడి ఒకరోజు కూలి మీద పడింది. అడవిలోనైనా, ఆసుపత్రిలోనైనా ఇంతే. మనం చేయాల్సింది చేయకుండా పైవాడికి వదిలేస్తే, దాన్ని మోసేది ఎవరో ఒక మనిషే. తన వంతు జాగ్రత్తను తాను పడటం తోటి మనిషి పట్ల మర్యాద. ఆ మర్యాద లేని నమ్మకాన్ని నేను భక్తి అనలేను.

నా దారిలో పడే కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి యముడి పేర కాళేశ్వరుడు, ఒకటి ముక్తేశ్వరుడు. మన రోజులు లెక్కపెట్టేవాడూ, ఆ లెక్క నుంచి విడిపించేవాడూ ఒక్క పీఠం మీదే పూజలందుకుంటున్నారు. ఒకరిని వదిలి ఒకరికి దండం పెట్టుకునే వీలు అక్కడ లేదు.

ఇదంతా అమ్మకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే అంది: "మీ తాత గూడా అంతే. బండి కట్టుకొని మేడారం పోయేటప్పుడు ఇరుసుకు కందెన పెట్టి, ఇంకో చీల రుమాలుల కట్టుకునేటోడు." లేచి లోపలికి పోయి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి తెచ్చి హ్యాండిల్‌కు ముడుపు కట్టింది.

ఆ రాత్రి మూడో పేజీ తీసి ఒక పంక్తి దిద్దాను. పంక్చర్ పట్టీల డబ్బాలు రెండు. ఒకటి నాకు. రెండోది దారిలో ఆగిపోయినవాళ్లకు.

ఐదో పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.