లెక్కలోకి రాని ఏడాది

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అడ్మిషన్లలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. హైస్కూల్ నాలుగేళ్లలో తొమ్మిదో గ్రేడ్ మార్కులు జీపీఏలో కలవవు. తొమ్మిది అయిన వేసవి నుంచి పదకొండు అయిన వేసవి దాకా చదివిందే లెక్క. బర్క్‌లీకైనా లాస్ ఏంజెలెస్‌కైనా ఇదే పద్ధతి. పాత గ్రేడ్లు అప్లికేషన్‌లో కనిపిస్తూనే ఉంటాయి, సగటులోకి మాత్రం రావు. పద్నాలుగేళ్ల పిల్లాడు ఎందుకు బద్ధకించాడని ఆ లెక్క అడగదు.

పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు చాలావరకు నాలుగేళ్ల ట్రాన్‌స్క్రిప్టూ తిరగేస్తాయి. గ్రేడ్లు ఏటేటా పెరుగుతుంటే మెచ్చుకుంటాయి కూడా. కామన్ అప్లికేషన్‌లో 650 పదాల వ్యాసం, దానికి తోడు ఇంకేమైనా చెప్పుకోవడానికి ఒక గడి. తొమ్మిదో గ్రేడ్ పాడైన పిల్లలు ఆ గడి ముందు కూర్చుని కారణం వెతుక్కుంటారు.

ఫ్రీమాంట్‌లో మా మేనల్లుడూ కూర్చున్నాడు. తొమ్మిదిలో జామెట్రీలో సి, బయాలజీలో సి. పదకొండుకొచ్చేసరికి కాల్‌క్యులస్‌తో సహా అన్నీ ఏ గ్రేడ్లే. "మధ్యలో ఏం జరిగిందో రాయి" అన్నారట కౌన్సిలర్. ఏమీ జరగలేదు. ఆ ఏడంతా రాత్రిళ్లు గేములాడాడు, హోంవర్కు ఎగ్గొట్టాడు, అంతే. "తాతయ్య పోయిన సంవత్సరం కదరా, అది రాయి" అంది మా అక్క. "తాతయ్య పోయింది జూలైలో అమ్మా. నా గ్రేడ్లు జూన్‌లోనే వచ్చేశాయి" అన్నాడు వాడు. పోయినాయన మా నాన్న. అక్క మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అక్కని తప్పుపట్టను. కథ అడిగినచోట కథ ఇవ్వబోయింది. జబ్బుపడో, ఇంట్లో ఉద్యోగం పోయో వెనకబడ్డ పిల్లలకి ఆ గడి ఉండి తీరాలి. ఏ కష్టమూ రాకుండానే వెనకబడ్డవాడి సంగతేమిటి? ఊరికే పద్నాలుగేళ్లవాడిగా ఉండటం అక్కడ కారణంగా చెల్లదు. కాబట్టి పదిహేడేళ్లకే వాడు పడటం, మేలుకోవడం, గెలవడం అంటూ తనకో చరిత్ర అల్లుకోవాలి. రాసి రాసి దాన్నే నమ్మేస్తాడేమోనని నా భయం.

మన జేఈఈ ర్యాంకుకీ తొమ్మిదో తరగతితో పనిలేదు. అది దయ అనుకునేరు! అడ్వాన్స్‌డ్ ఒకే రోజు రెండు పేపర్లతో తేల్చేస్తుంది, ఆ రోజు జ్వరమొస్తే చెప్పుకోవడానికి గడి కూడా లేదు. కాలిఫోర్నియా లెక్క వేరు, చూసి కూడా కలపదు. అక్కడా రాతపని ఉంది, కాదనను. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి 350 పదాలు మించకుండా జవాబులు రాయాలి. కానీ తొమ్మిదో గ్రేడ్ సగటులో లేదు గనక దాని జోలికి పోకుండా ఇష్టమైనదేదో రాసుకోవచ్చు. మావాడు పాత సైకిళ్లు బాగుచేయడం గురించి రాశాడు.

ప్రైవేటు కాలేజీల గడిలో మాత్రం ఒక్క వాక్యమే పెట్టాడు: తొమ్మిదిలో సరిగా చదవలేదు, తర్వాత చదివాను. అది చాలదన్నారు కౌన్సిలర్. వాడు మార్చలేదు. ఎక్కడా రాకపోతే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి డేవిస్‌కో అర్వైన్‌కో మారతానంటున్నాడు. అడిగిన కోర్సులు, అడిగిన గ్రేడ్లు తెచ్చుకుంటే చాలా సబ్జెక్టుల్లో ఆ రెండింటితో కలిపి ఆరు క్యాంపస్‌లు సీటుకి ముందే హామీ ఇస్తాయి. ఫీజు లెక్క చూశాక అక్కకీ ఆ దారి నచ్చింది. గుంటూరు నుంచి వచ్చే ఫోన్లకి ఏం చెప్పాలన్నదే ఇంకా తేలలేదు.