హుషారు వచ్చిపోతుంది, ప్రయత్నం నిలబడాలి

 

ఈసారి సమ్మా వాయామం గురించి మాట్లాడుకుందాం. అంటే సరైన ప్రయత్నం. తథాగతుడు చెప్పిన అష్టాంగ మార్గంలో ఇది ఆరో అంగం. విహారంలో కూర్చున్నప్పుడు మనవాళ్లు శీలం గురించి అడుగుతారు, ధ్యానం గురించి అడుగుతారు. లేచి బయటికొచ్చి చెప్పులు తొడుక్కునేటప్పుడు మాత్రం లోపలి మాట చెప్తారు. "నాలుగు రోజులు బాగానే చేస్తానండీ. ఐదో రోజు లేవబుద్ధి కాదు. పుస్తకం తెరవబుద్ధి కాదు. నాకు ఇది పట్టదేమో." ఈ చివరి మాటే ప్రమాదం. ఐదో రోజు బద్ధకం వల్ల ఎవరూ ధమ్మం వదిలెయ్యరు. ఆ రోజును చూసి "నేను పనికిరాను" అని తీర్పు చెప్పుకుంటారు చూడండి, అక్కడ వదిలేస్తారు.

మన మధ్యనే ఉన్న ఒక ఉదాహరణ తీసుకోండి. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చాక జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ దాని ఇల్లయ్యాయి. అన్నపూర్ణ స్టూడియో, రామానాయుడు స్టూడియో, ఫిలిం ఛాంబర్ అన్నీ ఆ చుట్టుపక్కలే. బంగళాలు పైన ఉంటాయి. ఆ సినిమాలకు లైట్లు మోసేవాళ్లు, సెట్లకు మేకులు కొట్టేవాళ్లు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు చాలామంది కింద కృష్ణానగర్ సందుల్లో, ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని ఉంటారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

వాళ్ల రోజు ఎలా నడుస్తుంది? రాత్రి పది గంటలకు ఫోన్ వస్తే తెల్లారకముందే బండెక్కాలి. ప్యాకప్ ఎప్పుడో చెప్పలేం. షెడ్యూల్ ఉన్నన్నాళ్లు నిద్ర ఉండదు, షెడ్యూల్ అయిపోతే పని ఉండదు. ఫోన్ మోగితే ప్రాణం లేచొస్తుంది. వారం మోగకపోతే మంచం దిగబుద్ధి కాదు. ఒక్క ఛాన్స్ కోసం ఊరొదిలి వచ్చిన కుర్రాడికైతే మరీను. శుక్రవారం ఎవరి సినిమానో ఆడితే వీడికి ఆశ, ఆడకపోతే వీడికి నీరసం.

ఇది సినిమావాళ్ల సంగతే అనుకోకండి. పోటీ పరీక్షల నోటిఫికేషన్ వస్తే పుస్తకం పట్టి, వాయిదా పడితే అటకెక్కించే తమ్ముడిది ఇదే కథ. ఏప్రిల్ 14న నీలిజెండా పట్టుకుని ఊగిపోయి, మే నెలకల్లా చల్లబడే మనందరిదీ ఇదే కథ. హుషారు బయటి నుంచి వస్తే బయటికే పోతుంది. దాని స్విచ్ ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆత్మగౌరవం కోసం బౌద్ధం తీసుకున్న మనం ఆ స్విచ్ మాత్రం ఎవరి చేతిలోనో ఎందుకు పెట్టాలి?

మరి తథాగతుడు ఏం చెప్పాడు? సోణుడనే భిక్షువు కథ వినే ఉంటారు. ధనవంతుల బిడ్డ, చాలా సుకుమారుడు. రాజగృహం దగ్గర సీతవనంలో పట్టుదలతో నడక ధ్యానం చేశాడు. ఎంతగా అంటే పాదాలు పగిలి నేలంతా రక్తమయ్యేంతగా. అంత చేసినా మనసు విముక్తి కాలేదు. "ఇక చాలు, ఇంటికి పోయి దానధర్మాలు చేసుకుంటా" అనుకున్నాడు. బుద్ధుడు అతని దగ్గరికి వచ్చి కోప్పడలేదు. సోమరివని అనలేదు. ఇంకా గట్టిగా చెయ్యమనీ అనలేదు. ఇంట్లో ఉన్నప్పుడు వీణ వాయించేవాడివి కదా అని గుర్తుచేశాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? పలకదు. మరీ వదులైతే? అప్పుడూ పలకదు. ప్రయత్నం కూడా అంతేనని, మరీ బిగిస్తే మనసు చెదురుతుందని, మరీ వదిలేస్తే బద్ధకం పడుతుందని అర్థమయ్యేలా చెప్పాడు. సోణుడు సరిచేసుకున్నాడు, అర్హంతుడయ్యాడు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. వీణ వాయించేవాళ్లు తీగను ఒక్కసారి సరిచేసి ఊరుకోరు. వాయించే ముందు ప్రతిసారీ చూసుకుంటారు. తీగ వదులైందని వీణను పారెయ్యరు. మన ఉత్సాహం కూడా అనిచ్చం, నిలకడ లేనిది. తగ్గడం దాని స్వభావం. తగ్గినప్పుడు చూసుకుని సరిచేసుకోవడం మన పని.

బోధిసత్వ బాబాసాహెబ్ జీవితం చూడండి. 1920లో మూక్‌నాయక్ పత్రిక పెట్టారు. 1923కల్లా ఆగిపోయింది. 1927లో బహిష్కృత భారత్ పెట్టారు. అది 1929లో ఆగింది. 1930లో జనతా మొదలైంది. 1956లో దాని పేరే ప్రబుద్ధ భారత్ అయింది. పత్రిక ఆగిపోయిన ప్రతిసారీ "నాకు ఇది పట్టదు" అనుకుని ఉంటే మన చరిత్ర ఎలా ఉండేది? నాసిక్‌లో కాలారామ్ గుడి సత్యాగ్రహం 1930 నుంచి ఐదేళ్లు నడిచింది. తలుపులు తెరుచుకోలేదు. అప్పుడాయన ప్రయత్నం మానలేదు, దాని దిక్కు మార్చారు. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించారు. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో దీక్ష తీసుకున్నారు. మధ్యలో 21 ఏళ్లు. అన్నేళ్లూ ఒకే ఊపు ఉంటుందా? చివరి రోజుల్లో షుగర్ జబ్బు, నడవలేని కాళ్లు. అయినా బుద్ధుడు-ఆయన ధమ్మం గ్రంథాన్ని పూర్తిచేసే పోయారు. అది అచ్చయింది 1957లో, ఆయన పోయాక.

ఇప్పుడు బద్ధకం దగ్గరికి వద్దాం. అది మన దగ్గరికి ఎలా వస్తుందో తథాగతుడు ఎనిమిది సందర్భాలుగా లెక్కపెట్టాడు. రేపు పని ఉంది, అలసిపోతాను, పడుకుంటా. ఇవాళ పని చేశాను, అలసిపోయాను, పడుకుంటా. రేపు ప్రయాణం ఉంది. ఇవాళ ప్రయాణం చేశాను. సరిపడా తిండి దొరకలేదు, నీరసం. కడుపునిండా తిన్నాను, బరువు. కాస్త ఒంట్లో బాలేదు. జబ్బు ఇప్పుడే తగ్గింది, ఇంకా ఓపిక రాలేదు. చూశారా, తిన్నా సాకే, తినకపోయినా సాకే. రెండువేల అయిదొందల ఏళ్లు దాటినా ఒక్కటీ మారలేదు.

అయితే బుద్ధుడు అక్కడితో ఆపలేదు. ఆ ఎనిమిదే ప్రయత్నానికి కూడా సందర్భాలన్నాడు. రేపు షూటింగ్ ఉంది, రేపు వీలుకాదు, కాబట్టి ఇవాళ పది నిమిషాలు కూర్చుంటా. పనిలో పడి నాలుగు రోజులు పోయాయి, కాబట్టి ఇవాళ కూర్చుంటా. పరిస్థితి అదే, దాన్నుంచి మనసు తీసే లెక్కే వేరు.

కానీ ఈ మాటను పట్టుకుని ఒంటిని హింసించకండి. పద్దెనిమిది గంటలు లైట్లు మోసి వచ్చిన మనిషికి కావలసింది నిద్ర. మొగ్గల్లానుడు కూర్చునే కునికిపాట్లు పడుతుంటే బుద్ధుడు వరుసగా ఉపాయాలు చెప్పాడు: ధమ్మాన్ని తలచుకో, చెవులు లాక్కో, ఒళ్లు రుద్దుకో, కళ్లు కడుక్కుని నక్షత్రాల వైపు చూడు, అటూ ఇటూ నడువు. ఇవేవీ పనిచెయ్యకపోతే, లేవాలన్న ఎరుకతో కుడివైపు తిరిగి పడుకోమన్నాడు. పడుకోవడం కూడా ఆ వరుసలో ఉంది. ఆరేళ్లు ఒళ్లు ఎండగట్టుకుని, అది దారి కాదని సుజాత ఇచ్చిన పాయసం తిన్నవాడు ఆయన.

ఇంకో సంగతి. తరతరాలుగా పొలం దున్నింది మనం, బరువు మోసింది మనం. సోమరులనే ముద్ర వేసిందీ మన మీదే. ఆ కొరడా తీసుకుని మనల్ని మనమే కొట్టుకోవద్దు. ఓపిక పోవడం తలరాత కాదు, పూర్వజన్మ పాపం కాదు. ధమ్మంలో ప్రతిదానికీ కారణం ఉంటుంది. కారణం వెతకాలి. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచమని సమ్మె చేశారు. 18 రోజులు షూటింగులు ఆగాయి. కూలి చాలక వచ్చే నీరసానికి ధ్యానం ఒక్కటే మందు కాదు, నలుగురూ కలిసి నిలబడటం కూడా మందే. అదీ సరైన ప్రయత్నమే.

కారణం ఒంట్లో ఉండొచ్చు. రక్తం తక్కువ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, షుగర్ కావచ్చు. పరీక్ష చేయించుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర లేక, దేని మీదా ఇష్టం లేక, బతుకు వద్దనిపిస్తుంటే అది బద్ధకం కాదు, జబ్బు. టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు. యూసుఫ్‌గూడకు దగ్గరలోనే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వింటే నవ్వాలని మన సినిమాలు నేర్పాయి. బుద్ధుడు తనను వైద్యుడితో పోల్చుకున్నాడు. వైద్యం దగ్గర సిగ్గెందుకు?

ఇక రేపటి నుంచి ఏం చెయ్యాలి? నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఒకటి, చిన్నది పెట్టుకోండి. త్రిశరణం, పంచశీలం, ఐదు నిమిషాల ఆనాపానం. బాగున్న రోజు గంట చెయ్యండి, బాగాలేని రోజు ఆ ఐదు నిమిషాలే చెయ్యండి. ఆ ఐదు నిమిషాలు మాత్రం మూడ్‌ను అడగొద్దు.

రెండు, తీగ చూసుకోండి. మనసు మబ్బుగా ఉంటే లేచి నడవండి, ధమ్మం గట్టిగా చదవండి, ఎవరితోనైనా మాట్లాడండి. మనసు ఎగిరెగిరి పడుతుంటే శ్వాస మీద నెమ్మదిగా కూర్చోండి. నిప్పు ఆరిపోతుంటే ఎండుపుల్లలు వేస్తాం, ఎక్కువగా మండుతుంటే వెయ్యం.

మూడు, పని లేని రోజును కాపాడుకోండి. మనిషి జారేది ఆ రోజే. మందు సీసా ఆ రోజే పిలుస్తుంది. మద్యం ముట్టనని 22 ప్రతిజ్ఞల్లో మాట ఇచ్చాం. రాని చెడును రానియ్యకపోవడం, వచ్చినదాన్ని వదలడం, రాని మంచిని తెచ్చుకోవడం, వచ్చినదాన్ని నిలుపుకోవడం: సమ్మా వాయామం ఈ నాలుగే. ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, పిల్లల లెక్కలు చూస్తే అందులో నాలుగూ ఉన్నట్టే.

నాలుగు, సంఘాన్ని పట్టుకోండి. హుషారు లేని ఆదివారమే విహారానికి వెళ్లండి. ఉన్న ఆదివారం మీరు ఇంకొకరిని నిలబెడతారు, లేని ఆదివారం ఇంకొకరు మిమ్మల్ని నిలబెడతారు. పక్క గదిలో తమ్ముడు మూడు వారాలుగా రావట్లేదా? "ఎందుకు రావట్లేదు" అని నిలదీయకండి. "తిన్నావా తమ్ముడూ" అని అడగండి. మైత్రి అక్కడ మొదలవుతుంది.

నెల రోజులు మానేసినవాళ్లకు చివరిగా ఒక మాట. మళ్లీ మొదలుపెట్టడానికి మంచి ముహూర్తం అక్కర్లేదు, ఎవరి క్షమాపణా అక్కర్లేదు. బుద్ధం శరణం గచ్ఛామి అని మనం మూడుసార్లు చెప్తాం కదా. ఒక్కసారి చెప్పి ఊరుకోం. ఈ రాత్రి ఫోన్ మోగినా, మోగకపోయినా, పడుకునే ముందు ఆ మూడుసార్లు చెప్పండి. రేపటి ఐదు నిమిషాలు రేపు చూసుకుందాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.