చిల్లర దేవుళ్లు ఎవరు?



క్రైస్తవులు నవలలు చదువవచ్చునా అని మన సంఘ పెద్దలలో కొందరు అడుగుచుందురు. ఏ నవల, ఎట్టి మనస్సుతో చదువుచున్నామని అడుగుట అంతకన్న మేలని మేము తలంచుచున్నాము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారు చదువదగిన నవల యొకటి గలదు. అది దాశరథి రంగాచార్యులుగారి (1928–2015) "చిల్లర దేవుళ్లు".

అది నిజాం కాలపు తెలంగాణ పల్లె కథ. బ్రతుకుదెరువుకై ఆంధ్ర ప్రాంతమునుండి వచ్చిన సంగీతజ్ఞుడు సారంగపాణి కన్నులతో ఆ ఊరిని మనము చూతుము. ప్రభువు హైదరాబాదులో నున్నను, ఊరికి దేవుడు గడీలోని దొరయే. మాల మాదిగలు, చాకలి మంగలులు కూలి లేక వెట్టి చేయవలెను. గడీలోని ఆడబాపకు తన శరీరముపైనను హక్కు లేదు. ఆ పాలన తరువాత కూలిపోయెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసెను. 1949లో జాగీర్లు రద్దాయెను. 1951 అక్టోబరులో సాయుధ పోరాటము విరమింపబడెను. రచయిత తానే ఆ పోరాటములో పాల్గొన్నవాడు. తరువాతి నవల "మోదుగుపూలు"లో ఆ కథనే ముందుకు నడిపెను.

ఈ పుస్తకము చదువునప్పుడు మనమందరము బీదల పక్షముననే నిలుతుము. మన తాతలు వెట్టి మోసినవారు గనుక మన కోపము న్యాయమైనదే. నాబోతు ద్రాక్షతోటను అహాబు అపహరించినప్పుడు ఏలీయా మౌనముగా నుండలేదు గదా! అయితే చచ్చిన దొరను ద్వేషించుట సులభము. దానికి మనకేమియు ఖర్చు కాదు.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చూడుడి. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనను ఆజ్ఞ అక్కడ నున్నది. ఈ మాట ఎవరికి చెప్పబడెను? ఐగుప్తులో వెట్టి చేసి వచ్చినవారికే. భారము మోసినవాడు మరియొకనిమీద భారము మోపడని దేవుడు అనుకొనలేదు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలబడెను. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ పొలములను తడిపెను. మనవారిలోను కొందరు భూమి కొనిరి, కొందరు ఉద్యోగస్థులైరి. ఇది దేవుని దయ. కాని నాటు వేసిన స్త్రీలతో, "వడ్లు అమ్మిన తరువాత కూలి ఇత్తుము" అని చెప్పుచున్నవారెవరు? అప్పు పేరుతో జీతగానిని ఇంటనే కట్టివేయుచున్నవారెవరు? వెట్టిచాకిరిని 1976 నాటి చట్టము నిషేధించినది గదా! కాపరి యింటి పనులను విశ్వాసులచేత ఉచితముగా చేయించుకొని, దానికి "సేవ" అని పేరు పెట్టుట న్యాయమా?

"దొరల క్రూరత్వమెక్కడ, ఈ చిన్న సంగతులెక్కడ?" అని మీరు అడుగవచ్చును. నిజమే, రెండును సమానము కావు. అయితే చింతచెట్టు కూడ చింతగింజలోనుండియే మొలచును. సేవకును వెట్టికిని భేదము తెలిసికొనుటకు ఒక్క ప్రశ్న చాలును: మన పని చేయువాడు భయము లేక "నేను రాను" అని చెప్పగలడా? చెప్పగలిగినయెడల అది సేవ, చెప్పలేనియెడల అది వెట్టి.

ఆయుధము పట్టుట న్యాయమా కాదా యని మంచివారు నేటికిని వాదించుకొనుచున్నారు. ఆ పోరాటము దొరను గద్దెమీదనుండి దింపినది. కాని ఖాళీయైన ఆ గద్దెమీద మనము కూర్చుండకుండ మనలను ఆపుట ఏ తుపాకికిని చేతకాదు.

కావున ఈ నవలను ఇంటిల్లిపాది చదువుడి. చదివి మూసినమీదట, మీరు ఇయ్యవలసిన కూలి ఏదైన మిగిలియున్నదేమో చూచుకొనుడి. ఉన్నయెడల ఆదివారము ఆరాధనకు వచ్చుటకు ముందే చెల్లించుడి. అట్టి మనస్సు ప్రభువు మనకందరికిని దయచేయును గాక.