సూతకము – సిగ్గు

వీరశైవము పంచసూతకములను అంగీకరింపదు. రజస్సూతకము వానిలో నొకటి. ఇష్టలింగధారిణియైన స్త్రీ ముట్టు దినములలో సైతము లింగపూజకు అర్హురాలు. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుని శరణులు ఈ సమత్వమును ఆచరించిన కల్యాణము జహీరాబాదు వారికి దూరమైనది కాదు, పొరుగునున్న బీదరు జిల్లాలోనిదే. అయినను పూజకు అడ్డురాని శరీరధర్మము మాటకు అడ్డు వచ్చుచున్నది. తెల్లబట్టలో దుర్వాసన, భార్యాభర్తల కలయిక తరువాత రక్తము, ముట్టుడిగిన ఏండ్లకు మరల ఎరుపు కనబడుట – వీనిని కూతురు తల్లికి చెప్పదు, కోడలు అత్తకు చెప్పదు. ఈ మౌనము సుగుణమా, లేక పేరు మార్చుకొన్న సూతకమా?

2022లో మన దేశమున గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో సుమారు 80 వేల మంది స్త్రీలు మరణించిరని అంచనా. హెచ్.పి.వి. అను వైరసు సోకి, పోక నిలిచిన కొందరిలో ఈ వ్యాధి సామాన్యముగా పదిహేను, ఇరువది ఏండ్లకు గాని ముదురదు. ఆ నడిమి కాలమున నొప్పి ఉండదు. బాధ కలిగిన పిమ్మట చెప్పుకొందమనుకొన్నచో ఆలస్యమగును. ముఖద్వారమునకు పలుచని ఎసిటిక్ ఆమ్లము (సిర్కాలో నుండునదే) పూసి ఒక నిమిషమాగి చూచినచో, మార్పు చెందిన భాగము తెల్లబడును. శిక్షణ పొందిన నర్సు ఈ పరీక్ష చేయగలదు.

చెప్పుటకు కష్టమైన మాట ఒకటి ఉన్నది. ఈ వైరసు కలయిక వలన సోకును. మర్యాదకై దీనిని దాచినచో, తరువాత తెలిసిననాడు ఇంట అనుమానము పుట్టును. పూర్తిగా చెప్పుటయే మేలు: దాంపత్యమెరిగిన వారిలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకును, చాలమందిలో తానే పోవును, కొందరిలో ఏండ్ల తరబడి దాగియుండును. ఎవరి శీలమునకును ఇది సాక్ష్యము కాదు. ఈ సంగతి ముందుగా మగవారి సభలోనే చెప్పదగినది.

అయితే బోధ ఒక్కటే చాలదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు (నేటి ధారాశివ్) జిల్లా గ్రామములలో 1999లో మొదలైన పరిశోధనలో 30–59 ఏండ్ల స్త్రీలు 1,31,746 మంది చేరిరి. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష జరిపి, అవసరమైన వారికి చికిత్స చేసిన సమూహములో ఈ వ్యాధి మరణములు దాదాపు సగమైనట్లు 2009లో వెల్లడియైనది. పోలిక కొరకు పరీక్ష లేకుండ ఉంచిన సమూహమున 64 మంది మరణించిరి. అట్లుంచుట న్యాయమా అను వివాదము తరువాత లేచినది. అది తేలికగా త్రోసివేయదగినది కాదు.

గ్రామములలో స్త్రీల కూటమి జరిగినప్పుడు, ముట్టుడిగినవారు, భర్త పోయినవారు "ఇక మాకెందుకు" అని వెనుక కూర్చుందురు. పరీక్షకు తోడుండి తీసికొనిపోవలసినది మొదట వారినే.