వాటా కొన్నవాడు భాగస్వామే

ఇంకా సరుకు తయారుచేయని సాంకేతిక సంస్థలో వాటాలు కొనడం వ్యాపారమా, జూదమా? నష్టభయం ఉన్నంత మాత్రాన అది జూదం కాదు. పొలం దున్నే రైతుకూ, సరుకు ఓడకెక్కించే వర్తకునికీ ఆ భయం ఉంటుంది. లాభనష్టాలు పంచుకునే భాగస్వామ్యం ధర్మసమ్మతమే. మరి హద్దు ఎక్కడ?

అమెరికాలో జరిగిన ఓ ఉదంతం చూడండి. విద్యుత్, హైడ్రోజన్ లారీలు తయారుచేస్తామన్న నికోలా సంస్థ 2018లో ఓ వీడియో విడుదల చేసింది. అందులో లారీ రోడ్డుపై దూసుకుపోతోంది. నిజానికి అది సొంత శక్తితో నడవలేదు. వాలు మీద జారిందంతే! 2020 జూన్‌లో వాటాలు మార్కెట్‌కు రాగానే ఎందరో చిన్న మదుపుదారులు కొన్నారు. సెప్టెంబరులో బండారం బయటపడింది. మదుపుదారులను మోసగించాడని 2022లో జ్యూరీ సంస్థాపకుణ్ణి దోషిగా తేల్చింది. 2025 ఫిబ్రవరిలో సంస్థ దివాలా రక్షణ కోరింది. మార్చిలో సంస్థాపకునికి అధ్యక్షుని క్షమాభిక్ష లభించింది.

దైవప్రవక్త (సఅసం) ఓసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడి, లోపల తడి! తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారు.

దోషం దాచినవాడిదే. అయితే కొనేవాడికీ ఓ బాధ్యత ఉంది. యంత్రం పనిచేస్తోందా అని అడగక, ధర పెరిగిందా అని మాత్రమే చూసేవాడు భాగస్వామి కాడు, పందెగాడు. అనుమానం కలిగాక కూడా బంధుమిత్రుల చేత కొనిపించి తాను బయటపడాలనుకునేవాడు తడి ధాన్యంపై పొడి గింజలు పరిచినవాడే.

సోదరులారా! కొనే ముందు రాశిలో చేయి పెట్టి చూడండి. అమ్మేటప్పుడు తడిని దాచకండి.