కనబడని కొండ



న్యాయముగా సంపాదించిన సొమ్ముతో, ఎవరికిని కీడు చేయక, చిరకాలము కోరుకొనిన ఒక సంతోషము మనకు దక్కనియెడల దుఃఖపడుట పాపమా? ఈ ప్రశ్నను చిన్నదని తోసివేయకుడి. పంట పోయిన యేడు ప్రార్థన మానని మనిషియే, పెండ్లినాడు పందిరి తడిసినందుకు ఇంటిల్లిపాదిని దుయ్యబట్టుట మీరును చూచియుందురు.

అమెరికా దేశములో ఉద్యోగము చాలించుకొనిన దంపతులు కొందరు మోటారు ఇల్లు కొని దేశసంచారము చేయుదురు. అది బస్సువంటి బండి. లోపల మంచము, పొయ్యి, కుళాయి, భోజనపు బల్ల అన్నియు ఉండును. అట్టివారిలో అనేకులు కెనడా దేశము మీదుగా ఉత్తరమున అలాస్కాకు పోవుదురు. 1942లో యుద్ధకాలమున సైన్యము వేసిన బాట అది, డాసన్ క్రీక్ మొదలుకొని సుమారు 1,400 మైళ్లు. ఇంత దూరము పోయి వారు చూడగోరునది ఒక కొండ. ఎత్తు 20,310 అడుగులు. ఉత్తర అమెరికా ఖండములో దానిని మించినది లేదు. అక్కడి ఆదివాసులు దానిని దెనాలి, అనగా ఎత్తైనది, అందురు. ప్రభుత్వము 2015లో ఆ పేరే స్థిరపరచి, 2025లో మరల మెకిన్లీ అని మార్చినది. పేరు మారినను కొండ కదలలేదు.

అయితే దానిని చూడ వచ్చినవారిలో పదిమందికి ముగ్గురే చూడగలుగుదురని అక్కడి అధికారులే చెప్పుదురు. దక్షిణ సముద్రము నుండి వచ్చు తడిగాలి ఆ పర్వతపంక్తికి తగిలి, పైకెక్కి, చల్లబడి మేఘమగును. యాత్రికులు వచ్చు వేసవి మాసములలోనే వానలు ఎక్కువ.

ఇట్టి దంపతులను ఊహించుకొనుడి. ఆయనకు మోకాళ్ల నొప్పి, ఆమెకు చూపు మందగించినది. మరల రాలేమని ఇద్దరికిని తెలియును గాని పైకి అనరు. మూడు దినములు బస ఏర్పరచుకొనిరి. మూడు దినములును వానయే. గుమ్మము వద్ద తడిసిన బూట్లు, అద్దముల మీద ఆవిరి, కాలు చాపుకొన చోటు లేని గది. మూడవనాటి సాయంకాలము ఆయన, “జూన్ నెలలోనే పోదమంటిని. నీ చెల్లెలి ఇంట నెల దినములు ఆపితివి” అనును. ఆమె, “నలుబది ఏండ్లు మీరు చెప్పినప్పుడే కదా కదలితిమి” అనును. చూచితిరా, మాట కొండను విడిచి ఎక్కడికి పోయినదో!

కూడు లేనివారిని తలంచుకొని తృప్తిపడుమని కొందరు బోధకులు చెప్పుదురు. ఒకరి ఆకలిని మన ఆశాభంగమునకు మందుగా వాడుట నాకు సమ్మతము కాదు. మోషే కూడ యొర్దాను దాటి ఆ మంచి కొండసీమను, లెబానోనును చూడనిమ్మని బతిమాలుకొనెను. ద్వితీయోపదేశకాండము 3వ అధ్యాయము చదువుడి. ఆ కోరికను దేవుడు పాపమనలేదు. కాదు అని మాత్రము చెప్పెను, నెబో శిఖరము నుండి దూరముగా చూపించెను. కాబట్టి ఆ వృద్ధులు కన్నీరు పెట్టుకొనినను తప్పులేదు.

అదే అధ్యాయములో మరియొక మాట కలదు. మీ మూలముగానే ప్రభువు నామీద కోపపడెనని మోషే జనులతో అనెను. జనులు ఆయనను విసిగించిన మాట నిజమే. అయినను సంఖ్యాకాండము 20వ అధ్యాయము చూడుడి. మెరీబాయొద్ద బండను కోలతో కొట్టినది మోషే చెయ్యియే గదా! అంతటి సాత్వికుడే తన దుఃఖములో ప్రక్కవారి లెక్క వ్రాసెను. వానను పిలిచి బాకీ అడుగలేము. అందుచేత దగ్గరనున్న మనిషిని అడుగుదుము.

మన ఊళ్లలో మృగశిర కార్తె వచ్చినను చినుకు పడనినాడు ఏమి జరుగును? క్రొత్త కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదందురు. విధవరాలు ఎదురు వచ్చినదందురు. బాప్తిస్మము పొందిన ఇండ్లలోను ఈ మాట వినబడుచున్నది. ఆ పిల్ల పొయ్యి దగ్గర కూర్చుండి ఇది విని ఊరకుండును. అక్కడ వాన వచ్చినందుకు, ఇక్కడ రానందుకు.

ఇంకొక సంగతి. చేసిన పనికి కూలి అడుగువానితో తృప్తిగానుండుమని చెప్పకుడి. కూలి బాకీయే, బిగపట్టిన కూలి దేవునికి మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసెను. ఆ దంపతుల పింఛను కూడ వారికి రావలసినదే. నిర్మలమైన ఆకాశమును మాత్రము ఎవరును వారికి బాకీపడలేదు. నలుబది ఏండ్ల కష్టమునకు ఈ కొండ జీతమని ఆయన తలంచెను గనుకనే, జీతము చెల్లించనివానికొరకు బండిలో వెదకెను. అక్కడ ఆమె తప్ప వేరెవరును లేరు.

ఓడ బద్దలై మెలితే ద్వీపమున పడిన పౌలు సంగతి మీకు తెలియును. వాన కురియుచుండెను, చలి వేయుచుండెను. ఆయన ఖైదీ, చలికాలమున ప్రయాణము వద్దని ముందే హెచ్చరించినను వారు వినలేదు. నేను చెప్పలేదా అని ఓడలో ఒకసారి అనెను కూడ. ఒడ్డు చేరిన తరువాత ఆ మాట మరల ఎత్తినట్లు లేదు. పుల్లలు ఏరి, మోపుకట్టి మంటలో వేసెను.

మోటారు ఇంటిలోను పొయ్యి ఉన్నది. ఆయన లేచి దానిని వెలిగించి, నీళ్లు కాచి, ఆమె తడి మేజోళ్లు ఆ సెగకు ఆరవేయవచ్చును. రాత్రి ఇంకను మిగిలియున్నది. చెల్లెలి ఇంటి సంగతి మరల ఎత్తనక్కరలేదు.