గింజ ఎవరిది?

ఎమ్మిగనూరు మగ్గం మీద ఎవరైనా ఓ కొత్త అంచు దించారనుకోండి. పక్షం తిరక్కుండానే పక్కవీధి మగ్గం మీద అదే అంచు ప్రత్యక్షమవుతుంది. “పోనిద్దురూ, చూసి నేర్చుకున్నాడు” అనేవాళ్లూ వుంటారు, “నా కష్టం ఎత్తుకుపోయాడు” అని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లూ వుంటారు. నాకు ఆ రెండోవాళ్ల మీదే జాలి. బుర్ర బద్దలు కొట్టుకుని కనిపెట్టిన దాన్ని కొన్నాళ్లయినా నాదని చెప్పుకోవద్దూ? అంచులకు వేరే చట్టం వుందనుకోండి, కానీ పేటెంటు వెనకున్న న్యాయం కూడా ఇదే. కనిపెట్టిన సంగతి దాచకుండా చెప్పు, 20 ఏళ్లపాటు నీ అనుమతి లేకుండా ఇంకొకరు చేయకుండా చూస్తామని ప్రభుత్వం ఇచ్చే మాట.

ఇంతవరకూ పేచీ లేదు. పేచీ ఆదోని పత్తి దగ్గర మొదలవుతుంది. అంచు ఇంకో అంచును కనదు. గింజ కంటుంది!

2002లో బి.టి. పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది. మట్టిలో వుండే ఒక సూక్ష్మజీవి జన్యువును మోన్‌శాంటో కంపెనీవారు పత్తిలో చేర్చారు. కాయతొలిచే పురుగు మీద మందు కొట్టే ఖర్చు మొదట్లో తగ్గిన మాట నిజమే. అయితే 450 గ్రాముల పాకెట్టు ధరలో ఏకంగా 1,250 రూపాయలు ఆ జన్యువు కోసమే గుంజుతున్నారని 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం గుత్తవ్యాపారాల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఆ ఏడే ధర 750కి దిగింది. తమాషా ఏమిటంటే, ఆ మొదటి రకం జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు! విత్తనాల కంపెనీలతో రాయించుకున్న ఒప్పందాల మీదే ఆ వసూలంతా. రెండో రకానికి పేటెంటు వచ్చింది 2008లో.

మన పేటెంటు చట్టం మొక్కలకూ విత్తనాలకూ పేటెంటు ఇవ్వకూడదంటుంది. 2001 నాటి ఇంకో చట్టం, రైతు తన పంటలోని గింజను దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చు, కంపెనీ పేరు తగిలించకుండా అమ్ముకోవచ్చు కూడా అంటుంది. ఎంత చల్లని మాట! కానీ ఇక్కడ అమ్మేది హైబ్రిడ్ గింజ. దాచి మళ్లీ వేస్తే తల్లి గుణం నిలవదు, చేనంతా తలోరకంగా వస్తుంది. చట్టం తెరిచిన తలుపుకు గింజే లోపలినుంచి గడియ పెట్టుకుంటుంది.

ఆ హైబ్రిడ్ గింజ ఎలా తయారవుతుందో మనలో ఎందరికి తెలుసు? కర్నూలు జిల్లాలో విత్తనపత్తి వేసిన చేలల్లో, రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే గిల్లి పుప్పొడి తిత్తులు తీసేస్తారు. తెల్లవారాక మగపువ్వు తెచ్చి రుద్దుతారు. ఒక్కో పువ్వుకూ విడివిడిగా, నెలల తరబడి. ‘క్రాసింగు’ అంటారు దీన్ని. చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, బడి మానిపించిన ఆడపిల్లలు. జన్యువు కనిపెట్టినవాడికి 2020 దాకా లైసెన్సు రుసుము, ఈ వేళ్లకు రోజుకూలీ. కనిపెట్టినవాడికి ఏమీ ఇవ్వొద్దని నేననను. కానీ వెయ్యి చేతులు కలిస్తే అయిన గింజలో ఒక్క చెయ్యి మాత్రమే “ఇది నాది” అంటే వినబుద్ధి కాదు.

చేర్చిన జన్యువుకు పేటెంటు వుండొచ్చు. అది గింజలోకి దిగాక ఆ హక్కు గింజతోపాటు చేలోకి కూడా నడిచొస్తుందా? సరిగ్గా ఇదే ప్రశ్న మీద నూజివీడు సీడ్స్, మోన్‌శాంటో కోర్టుకెక్కాయి. 2018లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, సాక్ష్యాలు చూసి మళ్లీ తేల్చమని వెనక్కి పంపింది. ఆ ఏడాది చివరికి పేటెంటు గడువే తీరిపోయింది. 2021లో ఇద్దరూ రాజీ పడ్డారు. ప్రశ్న మాత్రం జవాబు లేకుండానే ఫైలులో వుండిపోయింది.

గులాబీ పురుగు ఏ కోర్టు కోసమూ ఆగలేదు. రెండో రకాన్నీ తట్టుకుని కాయల్లో దూరింది. తొలకరి పడగానే ఆదోని రైతు మళ్లీ కొత్త పాకెట్టు కోసం అంగడికి పోవలసిందే.